బ్లోయర్ మెషిన్‌లో ఏ మల్చ్ వేయాలి? కొబ్బరి పొట్టు, సరుగుడు చెక్క, ఊక సంగతులు

ప్రశ్న: కంచిలి దగ్గర మాకు కొబ్బరి, జీడి కలిపి తోట ఉంది. ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టరు ఒకాయన వాడి పక్కన పెట్టిన మల్చ్ బ్లోయర్‌ను, అంటే పాదుల్లో నేల మీద కప్పుగా పరిచే సరుకును గాలితో ఊదే మెషిన్‌ను, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పైన తొట్టి, కింద నుంచి నాలుగు అంగుళాల గొట్టం. పీచు మిల్లు నుంచి కొబ్బరి పొట్టు ఊరికే వస్తోందని అదే పోశాం. పావుగంటకోసారి గొట్టం పూడిపోతోంది. మెషిన్ లోపమా, సరుకు లోపమా? మా వైపు దొరికేవాటిలో ఏది వేస్తే మంచిది? వరిగడ్డి కూడా ఇందులో వేయొచ్చా?

సమాధానం:

మెషిన్‌లో లోపం ఉంటే ఉండొచ్చు గానీ, నా అనుమానం ముందు సరుకు మీదే. ఊరికే వచ్చింది కదా అని పోసిన సరుకే ఈ మెషిన్‌తో ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. నేను గల్ఫ్‌లో ల్యాండ్‌స్కేపింగ్ పనుల్లో చాలా ఏళ్లు ఇలాంటి మెషిన్ నడిపాను. ఇప్పుడు విజయనగరం చుట్టుపక్కల మామిడి తోటలకు, లేఅవుట్లకు అద్దెకు తిప్పుతున్నాను. అక్కడ బస్తాల్లో, జల్లెడ పట్టిన చెక్క తుక్కు వచ్చేది, ఆలోచించే పని లేదు. ఇక్కడ సరుకు మనమే చూసుకోవాలి, అసలు పని అక్కడే ఉంది.

ముందు మీది ఏ రకం మెషినో తేల్చుకోండి. అన్నిటినీ బ్లోయర్ అనే పిలుస్తారు గానీ లోపల తేడాలున్నాయి. ఒక రకంలో తొట్టి అడుగున సరుకును ముందుకు నెట్టే గొలుసు, దాని చివర పళ్ల రోలరు, ఆ కింద రబ్బరు అంచుల రెక్కలతో తిరిగే డ్రమ్ము ఉంటాయి. ఆ డ్రమ్మునే ఎయిర్‌లాక్ అంటాం. సరుకు దాని గదుల్లో పడి, కిందికి దిగి, గాలితో కలిసి గొట్టంలోకి పోతుంది. గాలి మాత్రం వెనక్కి తొట్టిలోకి రాకూడదు. ఇంకో రకంలో సరుకు నేరుగా ఫ్యాను రెక్కల మధ్య నుంచే పోతుంది. రోడ్ల పక్క ఆకులు పీల్చే మెషిన్లు ఇలాంటివే. మూడోది గడ్డి మోపులను చిదిమి దూరంగా విసిరే రకం, దానికి గొట్టం బదులు పైకి లేచిన మూతి ఉంటుంది. తొట్టి, గొట్టం అని రాశారు కాబట్టి మీది మొదటి రకమే అనుకుని చెబుతున్నాను.

ఈ రకం మెషిన్‌కి సరుకు ఏ చెట్టుదన్నది అనవసరం. ముక్క ఎంత పొడుగు, తడి ఎంత, అందులో మట్టీ రాయీ ఇనుమూ ఉన్నాయా, ఈ మూడే కావాలి. వీటిలో మొదటిదే పెద్దది. సరుకు కొనేటప్పుడు అందరూ గుప్పెడు తీసి "బాగానే ఉంది, సన్నగానే ఉంది" అంటారు. గుప్పెట్లో కనిపించేది సగటు ముక్క. గొట్టం ఆగేది సగటు ముక్క వల్ల కాదు, వెయ్యి ముక్కల్లో ఒకటిగా వచ్చే పొడుగు ముక్క వల్ల. అది నిలువుగా పోతున్నంతసేపు ఏమీ కాదు. గొట్టం వంపు దగ్గరో, రెండు గొట్టాలు కలిపిన కప్లింగ్ దగ్గరో అడ్డం తిరుగుతుంది. దాని వెనక ఇంకో రెండు ఆగుతాయి, వాటి వెనక పొడి వచ్చి గట్టిపడుతుంది. అర నిమిషం తిరక్కుండానే పది అడుగుల గొట్టం నిండా సరుకు బిగుసుకుపోతుంది.

అందుకే నేను పెట్టుకున్న లెక్క ఇది. గొట్టం లోపలి వ్యాసంలో సగానికి మించిన ముక్క అందులో ఉండకూడదు. మూడో వంతు లోపే ఉంటే ఇంకా నిశ్చింత. మీది నాలుగు అంగుళాలు కాబట్టి రెండు అంగుళాలు దాటిన పుల్ల ఏదీ తొట్టిలో పడకూడదు. కప్లింగ్ లోపలి వ్యాసం కూడా ఒకసారి కొలవండి. పాత మెషిన్లకు దొరికిన కప్లింగ్ బిగించేస్తారు, బయటికి నాలుగు కనిపించినా లోపల మూడున్నరే ఉంటుంది.

సరుకు కొనే ముందు చేసే పరీక్ష పెద్ద పనేం కాదు. కుప్ప పైనుంచి కాకుండా మధ్యలోంచి ఒక తట్టెడు తీసి బరకం మీద పలచగా పరవండి. పొడుగు ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టి స్కేలుతో కొలవండి. రెండంగుళాలు దాటినవి ఒకటీ అరా వస్తే చేత్తో ఏరించుకోవచ్చు. దోసెడు వస్తే ఆ సరుకు మళ్లీ గ్రైండర్‌లో పడాలి. తర్వాత పాత పెయింటు డబ్బా ఒకటి అడుగు కోసేసి సిమెంటు నేల మీద నిలబెట్టి, సరుకు నింపి, డబ్బా పైకి ఎత్తండి. సరుకు జారి పోగులా కూలిపోతే మీ తొట్టిలోనూ అలాగే జారుతుంది. డబ్బా ఆకారంలోనే నిలబడిపోయిందా, తొట్టిలో కూడా అలాగే నిలబడుతుంది. కింద గొలుసు తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో గుహ పడుతుంది, గొట్టంలోంచి ఉత్త గాలి వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు కర్ర పట్టుకుని తొట్టి ఎక్కి పొడుస్తారు. అది మాత్రం వద్దు. ఆ రోలరు పళ్లు కర్రను లాగితే కర్రతో పాటు చెయ్యీ పోతుంది. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే తొట్టిలోకి వంగాలి.

తడి సంగతి. మరీ ఎండిన సరుకు దుమ్ము కొడుతుంది. గొట్టం పట్టుకున్నవాడికి చిన్న షాకులు కూడా తగులుతుంటాయి, పొడి సరుకు గొట్టానికి రాసుకుంటూ పోవడం వల్ల పుట్టే కరెంటు అది. మరీ తడిసింది బరువెక్కి, గొట్టం గోడలకు అంటుకుంటుంది, ఎయిర్‌లాక్ గదుల్లోంచి పూర్తిగా రాలదు. చెక్క ముక్కలైతే 30 నుంచి 45 శాతం తడి ఉన్నప్పుడు హాయిగా నడుస్తాయి. మీటరు అక్కర్లేదు. కిలో సరుకు తూచి, పలచగా పరచి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా మంచి ఎండలో ఆరబెట్టి మళ్లీ తూచండి. 650 గ్రాములు వచ్చిందంటే తడి సుమారు 35 శాతం. రెండు మూడు సార్లు ఇలా చేస్తే చేతికే తెలిసిపోతుంది. గుప్పెట్లో గట్టిగా నొక్కితే చెయ్యి చల్లగా, చెమ్మగా అవ్వాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు, విప్పగానే ఉండ విడిపోవాలి. మే నెల ఎండల్లో ముందురోజు సాయంత్రం కుప్ప మీద నీళ్లు చల్లి ఒకసారి తిరగేసి ఉంచుతాం. వానాకాలంలో బరకం కప్పకుండా వదిలేస్తే ఆ సరుకు వారం దాకా మెషిన్‌లో వేయడానికి పనికిరాదు.

ఇప్పుడు మీ కొబ్బరి పొట్టు దగ్గరికి వద్దాం. పొట్టు తన బరువుకు ఐదారు రెట్లు నీళ్లు పట్టుకుంటుంది. మొక్కకు అదే దాని గొప్ప, మెషిన్‌కి అదే దాని చెడ్డ. మిల్లు బయట వానకు తడిసిన పొట్టు ఎయిర్‌లాక్‌లో పడితే పిండిముద్ద అయిపోతుంది. అదే ఎండబెట్టి పోస్తే గోధుమరంగు మేఘం లేస్తుంది తప్ప పాదులో పడదు. రెండో సమస్య ఇంకా పెద్దది. మిల్లు పొట్టులో పొట్టి పీచు కచ్చితంగా ఉంటుంది. గుప్పెడు పొట్టు తీసి రెండు చేతులతో విడదీసి చూడండి, రెండు ముక్కల మధ్య దారాలు సాగుతూ కనిపిస్తాయి. ఆ దారాలు రోలరు ఇరుసుకు, కండెకు నూలు చుట్టుకున్నట్టు చుట్టుకుంటాయి. మీరు ఇంజిన్ ఆపి రోలరు కవరు విప్పి చూడండి, ఇరుసు చివర్లలో, బేరింగ్ పక్కన పీచు బిగుసుకుని ఉంటుంది. దాన్ని కత్తితో కోసి తీయాలి. వదిలేస్తే ఆ పీచు బేరింగ్ సీలును తినేస్తుంది. పావుగంటకోసారి పూడుతోందన్న మీ బాధలో సగం ఇదే అయి ఉంటుంది.

పొట్టును పూర్తిగా వదులుకోమనను. అర అంగుళం జల్లెడలో పీచు తీసేసి, చెక్క ముక్కల్లో ఐదో వంతుకు మించకుండా కలిపితే నడుస్తుంది. చెక్క ముక్కలు గొట్టాన్ని రాసుకుంటూ పోతాయి కాబట్టి పొట్టు గోడకు అంటుకోదు. కానీ పచ్చి పొట్టును అలాగే పాదుల్లో వేయడం నాకు ఇష్టం లేదు. డొక్కలు ఉప్పు నీళ్లలో నానబెట్టే చోటి నుంచి వచ్చిన పొట్టులో లవణాలు ఎక్కువ. ఒక శాంపిల్ ఈసీ పరీక్షకు, అంటే లవణాలు ఎంత ఉన్నాయో తేల్చే పరీక్షకు పంపండి, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే దారి చెబుతారు. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, ప్లూరోటస్ శిలీంధ్రం పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తే నెల రోజులకు నల్లటి ఎరువు అవుతుంది. అది మల్చ్ కంటే ఎరువుగానే ఎక్కువ పనికొస్తుంది, పారతో వేసుకోండి. మెషిన్‌తో పని లేదు.

డొక్కల విషయమూ అంతే. కొబ్బరి పాదులో డొక్కలను బోర్లించి, గుండ్రటి వైపు పైకి ఉండేలా వరసగా పేర్చడం ఉద్దానంలో తెలియనిది కాదు. ఏళ్ల తరబడి ఉంటాయి, గాలికి కదలవు. వాటిని గ్రైండర్‌లో వేసి, డీజిలు కాల్చి, మళ్లీ గొట్టంలో ఊదడం నాకైతే అర్థం లేని పనిలా కనిపిస్తుంది. చెట్టు దగ్గరే కాయ ఒలిచేవాళ్లు డొక్కను చెట్టు దగ్గరే వాడుకోవడం మంచిది.

కొబ్బరి మానుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ వైపు వాటిని చిప్పర్‌లో, అంటే కత్తులతో కలపను ముక్కలు చేసే మెషిన్‌లో వేద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్ని చెట్లు పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కొబ్బరి మాను మామూలు కలప కాదు. నిలువునా గట్టి నార కట్టలు, మధ్యలో మెత్తటి బెండు. చిప్పర్ కత్తి బెండును కోస్తుంది, నార కట్టలు మాత్రం వైరు ముక్కల్లా జానెడు పొడుగున బయటికి వస్తాయి. కత్తులు మామూలు కలపకంటే చాలా తొందరగా మొద్దుబారతాయి. ఆ సరుకు మీ నాలుగు అంగుళాల గొట్టంలో పోదు. చిన్న జల్లెడ ఉన్న సుత్తుల గ్రైండర్‌లో రెండుసార్లు వేస్తే పోతుంది, కానీ ఆ ఖర్చు ఎవరు పెడతారు? పైగా ఆ మాను గానోడెర్మా తెగులుతో చచ్చిందైతే, అంటే మొదలు దగ్గర ఎర్రటి జిగురు కారి, పుట్టగొడుగులు వచ్చి ఎండిందైతే, దాన్ని మల్చ్ చేసి తోటంతా చల్లడం తెగులును మన చేత్తో మనం పంచడమే. తవ్వి తీసి కాల్చేయండి.

కమ్మలు, మట్టలు చిప్పర్‌లో వేసినా పొడుగు పీలికలే వస్తాయి. అలాగే ముక్కలుగా నరికి పాదులో పరవండి చాలు.

మరి మెషిన్‌కి ఏది? నన్ను అడిగితే సరుగుడు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం వెంబడి దొరుకుతుంది, రణస్థలం, పూసపాటిరేగ వైపు కావలసినంత. బొంగులు, గుంజలు అమ్ముకున్నాక మిగిలే కొమ్మలు, చివర్లు చిప్పర్‌లో వేయించి, ఆ తర్వాత ఒకటిన్నర అంగుళం జల్లెడ ఉన్న గ్రైండర్‌లో ఇంకోసారి వేయించాలి. రెండోసారి తప్పనిసరి. చిప్పర్ కత్తి ముక్కను అడ్డంగా కోస్తుంది గానీ సన్నటి రెమ్మ నిలువుగా జారిపోయి, అలాగే పొడుగ్గా బయటపడుతుంది. జల్లెడ ఉన్న గ్రైండర్ అయితే ముక్క చిన్నదయ్యేదాకా వదలదు. ఇలా రెండుసార్లు ఆడించిన సరుకును రెండు మూడు నెలలు కుప్పలో మగ్గనిస్తే అంచులు మెత్తబడి, రంగు ముదిరి, గొట్టంలో నీళ్లలా పోతుంది. అప్పుడే ఆడించిన పచ్చి సరుకు కంటే మగ్గిన సరుకు ఎప్పుడూ బాగా నడుస్తుంది.

సరుగుడులో ఒకే ఒక్క జాగ్రత్త. కాగితం మిల్లులకు పంపే కర్రకు తొక్క ఒలుస్తారు. ఆ ఒలిచిన తొక్క రోడ్డు పక్క గుట్టలుగా పడి ఉంటుంది, చవగ్గా ఇస్తారు. చూడ్డానికి ఎర్రగా, ఫొటోల్లో కనిపించే మల్చ్ లాగే ఉంటుంది. చేత్తో లాగి చూడండి, మూరెడు పీలిక లేచి వస్తుంది. నీలగిరి తొక్క ఇంకా ఘోరం, తాడు పేనుకోవచ్చు. రెండిట్లో ఏదీ నేరుగా తొట్టిలో వేయకండి.

మామిడి కొమ్మలు కత్తిరించినప్పుడు వచ్చే కలప కూడా బాగుంటుంది. గట్టిగా, పెళుసుగా విరుగుతుంది, పీలికలు తక్కువ. మా విజయనగరం వైపు ముసలి తోటలను మొండెం కొట్టి మళ్లీ చిగురు తెప్పిస్తారు కదా, అప్పుడు దొరికినంత పోగేస్తాం. ఆకు మాత్రం ముందే రాల్చేయాలి. పచ్చి ఆకు గ్రైండర్‌లో పేస్టు అవుతుంది, కుప్ప పులుస్తుంది.

మీది జీడి తోట కూడా కాబట్టి జీడి కొమ్మలు వస్తాయి, అవీ ఫరవాలేదు. కానీ పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల నుంచి వచ్చే పిక్కల పెంకు జోలికి పోకండి. చవగ్గా వస్తుంది, ముక్క సైజు కూడా సరిగ్గా ఉంటుంది, అందుకే ఆశ పుడుతుంది. ఆ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. దాన్ని గాలిలో పొడిగా ఊదితే కళ్లలోకి, ఊపిరిలోకి పోతుంది. దానికి మంట కూడా తొందరగా అంటుకుంటుంది, వేడి సైలెన్సరు పక్కన అలాంటి సరుకు పెట్టుకుని పనిచేయడం ఎందుకు?

ఊక గొట్టంలో ఎక్కడా ఆగదు. పూడిపోవడం అన్న మాటే ఉండదు. అయినా ఒక్క ఊకనే ఊదమని చెప్పను. వరి ఊకలో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది, గొట్టం వంపులను, రబ్బరు అంచులను నెమ్మదిగా అరగదీస్తుంది. తేలిక కాబట్టి సముద్రపు గాలికి లేచిపోతుంది, గట్టి వాన పడితే తేలి గట్టు దాటుతుంది. తడి చెక్క ముక్కల్లో నాలుగో వంతు దాకా కలిపితే మాత్రం మంచి జోడీ, చెక్క దాన్ని పట్టి ఉంచుతుంది. ఊక కలిపిన రోజు గొట్టం దగ్గర ఉన్నవాడికీ, తొట్టి దగ్గర ఉన్నవాడికీ మాస్కు ఉండాలి. తువ్వాలు చుట్టుకుంటే చాలదు.

వేరుశనగ పొట్టు కూడా ఊకలాగే పోతుంది, కాకపోతే చెదలు తొందరగా పడతాయి. మొక్కజొన్న బెండ్లు గ్రైండర్‌లో ఆడిస్తే చక్కటి గుళికల్లా వస్తాయి, మెషిన్‌కి అంత అనుకూలమైన సరుకు ఇంకోటి చూడలేదు, దొరికితే వదలకండి. చెరకు పిప్పి తడిస్తే గడ్డ కడుతుంది. గోగునార తుక్కు, జూట్ మిల్లు వ్యర్థం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్క తట్ట వేస్తే రోలరు విప్పాల్సిందే.

మట్టి, రాళ్ల గురించి. ఎయిర్‌లాక్ రెక్కల చివర ఉండే రబ్బరు అంచులే ఈ మెషిన్ ప్రాణం. ఒక్క కంకర రాయి, ఒక్క మేకు, కొబ్బరి బస్తా కుట్టిన ఒక్క ఇనుప తీగ ముక్క చాలు రబ్బరు చీలడానికి. చీలిన చోట నుంచి గాలి వెనక్కి తొట్టిలోకి తన్నుతుంది. పైనుంచి పడాల్సిన సరుకు కింద నుంచి వచ్చే గాలికి తేలుతూ ఉంటుంది, దిగదు. మీది పాత మెషిన్ కాబట్టి ఇది తప్పకుండా చూడండి. తొట్టి ఖాళీ చేసి, గొట్టం మూతి తెరిచే ఉంచి, గాలి మాత్రం ఆన్ చేయండి. తొట్టి పైన చిన్న కాగితం ముక్క పట్టుకుంటే అది పైకి ఎగిరితే రబ్బరు అరిగిపోయినట్టే. అప్పుడు ఎంత మంచి సరుకు పోసినా లాభం లేదు, ముందు ఆ అంచులు మార్చాలి. కొలత ఇస్తే రబ్బరు షీటు కోసి ఇచ్చేవాళ్లు విశాఖలో ఉన్నారు, కంపెనీ స్పేర్ కోసం నెలలు ఎదురు చూడక్కర్లేదు.

అందుకే సరుకును నేల మీద పోయించకండి. సిమెంటు కళ్లం ఉంటే అక్కడ, లేకపోతే మందపాటి బరకం పరచి దాని మీద. నేల మీద పోసిన కుప్ప నుంచి జేసీబీతో ఎత్తితే అడుగు జానెడు మందం మట్టే వస్తుంది, దాన్ని అక్కడే వదిలేయండి. అమ్మేవాడి కుప్ప చుట్టూ వయ్యారిభామ పూసి ఉంటే ఆ సరుకు తీసుకోకపోవడమే మంచిది. గింజలన్నీ మీ పాదుల్లో చక్కగా తడి దొరికి మొలుస్తాయి.

కుప్ప ఎత్తు ఆరడుగులు మించకుండా చూసుకోండి. పచ్చి సరుకు కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అది తప్పు కాదు, మగ్గుతోందన్నమాట. కానీ మరీ ఎత్తుగా, నొక్కుకుపోయి ఉంటే లోపల గాలి ఆడక పులుస్తుంది. తవ్వినప్పుడు వెనిగర్ లాగానో, కుళ్లిన గుడ్డులాగానో ముక్కు పగిలే వాసన వస్తే ఆ రోజు చల్లకండి. లేత మొక్కల ఆకులు మాడిపోతాయి. పలచగా పరచి కొన్ని రోజులు గాలి తగలనిస్తే వాసన పోతుంది, అప్పుడు వాడొచ్చు.

కొబ్బరి తోటలో ఇంకో లెక్క ఉంది. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది కుళ్లుతున్న పెంట కుప్పల్లో, పొట్టు కుప్పల్లో, పడిపోయిన మానుల్లో. మల్చ్ కోసమని నెలల తరబడి కుప్ప తోట మధ్యలో పెట్టుకుంటే ఆ పురుగును మనమే పెంచినట్టు. నెలకోసారి కుప్ప తిరగేసి, తెల్లటి లావు పురుగులు కనిపిస్తే ఏరించండి. మెటారైజియం అనే శిలీంధ్రం పొడి నీళ్లలో కలిపి కుప్ప మీద చల్లితే వాటికి పచ్చ బూజు పట్టి చస్తాయి. పాదులో మూడు అంగుళాల మందాన పరచిన చెక్కలో ఈ బాధ పెద్దగా ఉండదు, కుప్పలతోనే ఇబ్బంది.

ఎంత సరుకు కావాలో కూడా లెక్క వేసుకోండి, లేకపోతే రెండు ట్రక్కులు తెప్పించి పది చెట్లకే అయిపోయిందంటారు. చెట్టు చుట్టూ ఆరడుగుల దూరం దాకా పాదు అంటే దాదాపు 113 చదరపు అడుగులు. మూడు అంగుళాల మందం వేస్తే చెట్టుకు 28 ఘనపుటడుగులు. ఎకరానికి 60 చెట్లు ఉంటే సుమారు 1,700. ఇసుక లెక్కలో యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కదా, ఎకరానికి 17 యూనిట్లు. చిన్న విషయం కాదు. అందుకే మీ తోట వరసల మధ్య ట్రాక్టరు తిరిగేటట్టయితే ట్రక్కులోంచి పారలతో దింపుకోవడమే నయం అని నేను అడిగినవాళ్లందరికీ చెబుతాను, నా మెషిన్ అద్దె పోయినా సరే. డ్రిప్పు పైపులు అడ్డం ఉన్నచోట, ట్రాక్టరు దిగని గట్ల కింద, జీడి చెట్ల కొమ్మలు నేలకు వాలి లోపలికి మనిషి వంగి పోవాల్సిన చోట బ్లోయర్ విలువ తెలుస్తుంది. మీకు జీడి ఉంది కాబట్టి మెషిన్ వృథా కాదు.

పరిచేటప్పుడు మొదలుకు అడుగు దూరం ఖాళీ వదలండి. మానుకు ఆనించి పోస్తే ఎప్పుడూ తడిగా ఉండి మొదలు కుళ్లు, చెదలు రెండూ వస్తాయి. పొడి ఎక్కువున్న సరుకైతే రెండంగుళాలు చాలు, లేకపోతే పై పొర గట్టిపడి వాన నీళ్లు లోపలికి దిగవు. చెక్క మల్చ్ నత్రజని లాగేస్తుందని భయపెడతారు. మట్టిలో కలిపి దున్నితే నిజమే, పైన పరచి ఉంచితే మట్టి పైపొరలో తప్ప ఆ ప్రభావం ఉండదు. కాబట్టి వేసినదాన్ని తవ్వి కలపకండి. వేసే కాలం నవంబరు, డిసెంబరు. నేలలో తడి ఉండగానే, తుపానుల బెడద కాస్త తగ్గాక. ఎండిపోయిన ఇసుక నేల మీద ఏప్రిల్లో వేస్తే వేసవి జల్లులన్నీ ఆ మల్చే తాగేస్తుంది.

నడిపే పద్ధతిలో ఒక్క మాట. ముందు గాలి, తర్వాత సరుకు. ఆపేటప్పుడు ముందు సరుకు, గొట్టం ఖాళీ అయ్యి ఉత్త గాలి వచ్చాకే ఇంజిన్ ఆపాలి. కొత్త కుర్రాళ్లు ఫోను వస్తే అన్నీ ఒకేసారి ఆపేస్తారు, గొట్టంలో ఉన్నదంతా కింద పేరుకుంటుంది, మళ్లీ స్టార్ట్ చేయగానే పూడుతుంది. మీకు పావుగంటకోసారి ఆగడానికి ఇదీ ఒక కారణమేమో గమనించండి. పూడినప్పుడు గొట్టం పొడుగునా నడుస్తూ కాలితో తట్టండి. మెషిన్ వైపు గట్టిగా ఉంటుంది, ఒకచోట నుంచి అవతల మెత్తగా అయిపోతుంది. ఆ రెండూ కలిసేచోటే అడ్డం ఉంది. ఇంజిన్ ఆపి, లోపలి గాలి ఒత్తిడి పూర్తిగా పోయిందని చూసుకుని అప్పుడే కప్లింగ్ విప్పండి. ఒత్తిడి ఉండగా విప్పితే ఆ గొట్టం చివర ముఖానికి కొడుతుంది.

వరిగడ్డి మాత్రం ఈ మెషిన్‌లో వద్దే వద్దు. చాఫ్ కట్టర్‌లో ఎంత చిన్నగా కోసినా గడ్డి పరకలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని తొట్టిలో కదలవు. గడ్డి చల్లడానికి చిదిమి విసిరే మెషిన్ వేరే ఉందని పైన చెప్పాను. రోడ్ల గట్ల మీద, కోత పడే వాలుల మీద విత్తనం చల్లాక కప్పడానికి దాన్ని వాడతారు. మీ తోట కోసం అది కొనడం దండగ. గడ్డి మోపు విప్పి పాదులో చేత్తో పరిస్తే ఒక మనిషి పూటలో ఎకరం చేస్తాడు. పైగా ఈ రోజుల్లో గడ్డి ధర చూస్తే దాన్ని పశువులకు వేసుకోవడమే మేలనిపిస్తుంది.